నా జబ్బును దున్నపోతు మీదికి నెట్టిన రోజు

ఆ ఉదయం పశువుల డాక్టరు గౌలిపురలోని మా కొట్టానికి బర్రెలను చూడడానికి వచ్చారు. అప్పటికి కొన్నాళ్లుగా నాకు మూత్రం ధార సన్నబడింది. నిలబడితే ఒక పట్టాన రాదు, వస్తే పూర్తిగా వచ్చినట్టుండదు. మా ఆవిడ సత్తెమ్మకు చెప్పడానికే సిగ్గేసింది. అందుకని మస్తు తెలివైన ఉపాయం పన్నాను.

"సార్, మా బాదల్‌కు మూత్రం ఆగి ఆగి వస్తున్నది. జర మందు రాయుండ్రి."

బాదల్ మా దున్నపోతు. దీపావళి తర్వాత జరిగే సదర్ పండుగలో దాన్ని పూలతో ముస్తాబు చేసి ఊరేగిస్తాం. పగ్గం పట్టి నడిపించే హక్కు ఇంటి పెద్దకొడుకుది. అంటే నాది.

డాక్టరు ఇంకా దాని దగ్గరికి వెళ్లనేలేదు, బాదల్ కొట్టమంతా తడిసేటట్టు పోసింది.

"దీనికేం రోగం లేదు యాదగిరీ. గీ బీమారి ఎవరికి? నిజం చెప్పు."

నేను తల దించుకున్నాను. గడ్డి వేస్తున్న సత్తెమ్మ పడీపడీ నవ్వింది. ఆ తర్వాత కొంగుతో కళ్లు తుడుచుకుంది. మర్నాడే నన్ను దవాఖానకు లాక్కెళ్లింది.

పీఎస్ఏ రక్తపరీక్ష, ఎంఆర్ఐ, బయాప్సీ, బోన్ స్కాన్ అన్నీ అయ్యాయి. మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సర్, నడుము ఎముకలోకి కూడా పాకిందన్నారు. చావుకన్నా ముందు నాకు సదర్ గుర్తొచ్చింది, ఏం చేయను!

"పూర్తిగా తీసేయలేమండీ, కానీ అదుపులో పెట్టొచ్చు. మగ హార్మోన్‌ను ఆపే ఇంజెక్షన్ ఇస్తాం" అన్నారు డాక్టరమ్మ.

పశువుల ఇంట్లో పుట్టినవాడికి ఇంతకన్నా విడమరిచి చెప్పాలా? కోడెను ఎద్దును చేయడమే కదా! సత్తెమ్మ మాత్రం తొణకలేదు. "కోపం తగ్గుతదంటే ఇంకో రెండు సూదులు ఎక్కువనే ఇయ్యుండ్రి మేడమ్" అంది.

ఇంజెక్షన్‌తో, క్యాన్సర్ జోరు చెప్పే ఆ పీఎస్ఏ అంకె దిగింది. కానీ చలికాలంలోనూ ఒళ్లంతా సెగలు, పాలు పిండితే చేతులు లాగేవి. ఆ ఏడు సదర్‌లో పగ్గం మా తమ్ముడు నర్సింగ్ పట్టాడు. పక్కన నిలబడి ఈలలు వేశాను, ఇంటికొచ్చి ఏడ్చాను.

కొన్నాళ్లకు పీఎస్ఏ మళ్లీ ఎక్కింది.

"హార్మోన్ బంద్ చేసినం కద మేడమ్, మరి ఇదెట్ల పెరుగుతున్నది?"

"క్యాన్సర్ కణంలో ఆండ్రోజెన్ రిసెప్టర్ అనే ప్రొటీన్ ఉంటుంది. హార్మోన్ వచ్చి దాన్ని తాకితే కణం పెరుగుతుంది. ఇప్పుడా ప్రొటీన్ ముదిరింది. చిటికెడు హార్మోన్‌కే లేచి కూర్చుంటోంది. ఒక్కోసారి అసలు హార్మోన్ లేకపోయినా సరే."

"సమజైంది మేడమ్. దూడ చచ్చిన బర్రె ముందుగాల పాలు చేపదు, పొదుగులకు దిగనియ్యదు. అలవాటైనంక బకెట్ చప్పుడుకే చేపుతది. ఇది గూడ గట్లనే అలవాటు పడ్డది."

డాక్టరమ్మ నవ్వారు. "అయితే ఇప్పుడు దాని చెవులు మూసేద్దాం" అని ఆ ప్రొటీన్‌ను అడ్డుకునే మాత్రలు రాశారు. రోజూ నడవమన్నారు, కండలు కరగకుండా చేతులకు వ్యాయామం నేర్పించారు. నేను పాలక్యాన్లతో వ్యాయామం చేస్తుంటే గల్లీ అంతా తమాషా చూసింది.

పీఎస్ఏ మెల్లగా దిగింది, ఇప్పటికీ కిందనే ఉంది. జబ్బు పోలేదు, నాకు తెలుసు. పరీక్ష రోజు దగ్గరపడితే అన్నం సహించదు. రిపోర్టు బాగుంటే రెండు పూటలదీ కలిపి తింటాను.

మొన్నటి సదర్‌కు డాక్టరమ్మ ఒక్క షరతు పెట్టారు: రెండో పక్క పగ్గం తమ్ముడు పట్టాలి.

"అన్నా, నువ్వు నడువు. నేనున్న, ఫికర్ జెయ్యకు" అన్నాడు నర్సింగ్. మర్ఫా దరువు మధ్య బాదల్‌ను నడిపించుకుంటూ వీధి చివరిదాకా వెళ్లాను. సత్తెమ్మ వేసిన ఈల నాకు ఆ గోలలోనూ వినబడింది.

మగవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. మూత్రంలో తేడా వస్తే సిగ్గుపడకుండా, అది మీకేనని డాక్టరుకు చెప్పండి. బాదల్ లాంటి సాక్షి అందరి ఇళ్లలో ఉండదు.