మైకులో పిలిచిన పేరు

మన దరఖాస్తు ఫారాల్లో తండ్రి పేరుకు గడి ఉంటుంది, ఒక్కోసారి తాత పేరుకూ ఉంటుంది. నాయనమ్మ పేరు మాత్రం ఎవరూ అడగరు. దానివల్ల కొంత ఇబ్బంది ఉందని నేను బీఎస్సీ పాసైన ఏడాది తెలిసింది.

ఆ వేసవిలో బాపు, అంటే మా నాన్న, దుకాణం వదిలి రానన్నాడు. అమ్మనూ నాయనమ్మనూ నేనే జనగామ నుంచి రైల్లో పట్నం తీసుకెళ్లాను. సైన్సు మ్యూజియంలో ఆవిరి యంత్రం గురించి అమ్మకు పాఠం చెప్పి వెనక్కి తిరిగితే, మేమంతా అవ్వ అని పిలిచే నాయనమ్మ లేదు. ఆమెకు రెండు కళ్లలోనూ శుక్లాలు. గేటు దాటితే బస్సులు తిరిగే రోడ్డు. మూడంతస్తులూ రెండుసార్లు వెతికాను. మూసే వేళయింది. ప్రకటనలు చేసే మైకు దగ్గరికి పరుగెత్తాను.

మైకు దగ్గరి ఉద్యోగి పేరడిగాడు.

"అవ్వ," అన్నాను.

"అసలు పేరు?"

అమ్మ వైపు చూశాను. ఆమె ఏడుస్తూనే, "అత్త పేరు కోడలు నోటితోని చెప్తదారా? పాపం గాదా?" అంది. బతిమాలినా చెప్పలేదు.

"జనగామ అవ్వ ఎక్కడున్నా రావాలి" అని మూడుసార్లు పిలిపించాను. ఎవరూ రాలేదు. అమ్మ నేలమీద కూలబడింది.

చివరికి తలుపులు మూస్తున్న కాపలామనిషికి అవ్వ కనబడింది. పాత నూనె గానుగ చాటున, 'ముట్టరాదు' అన్న బోర్డుకు ఆనుకొని కూర్చుంది.

"మైకుల పిలిస్తే ఇనబడలేదా అవ్వా?" అన్నాను.

"ఇనబడ్డది. జనగామల ఎంతమంది అవ్వలు లేరు? గింత సదువు సదివినవు గద, నా పేరేందో చెప్పు."