మెనూకు మిగలని రంగులు

"ఫార్మాట్ కొడదామక్కా" అన్నాడు వాసుదేవ్, సంచిలోంచి సీడీ తీస్తూ.

హేమావతి ఆ సీడీ లాక్కుని తన కుర్చీ కింద పెట్టుకుంది. "నా డిజైన్లు యాడికి పోతాయప్పా?"

"అవి పోతాయి. మళ్లా గీసుకోవచ్చులే."

"గీసేది నువ్వా?"

హేమావతి రాజంపేట దగ్గర ఒక నేత ఇంటి కోడలు. చీర అంచులు మొదట గళ్ల కాగితం మీద గీసేది. మామ సుబ్బన్న పాత కంప్యూటర్ కొన్నాక, నేర్పేవాళ్లు లేక ఒక్కో మెనూ తెరిచి, చెడగొట్టి, మళ్లీ బాగుచేసుకుని తనే నేర్చుకుంది. అప్పటినుంచి గీసిన అంచులన్నీ ఆ ఒక్క పెట్టెలోనే ఉన్నాయి. ఇంకెక్కడా నకలు లేదు.

ఈ వారం ఏ డిజైన్ తెరిచినా పైనున్న మెనూ పట్టీ పాడవుతోంది. అక్షరాలు కనబడవు. గుడ్డిగా నొక్కుకోవాలి. కడప నుంచి పిలిపిస్తే, కంప్యూటర్లు బాగుచేసే వాసుదేవ్ అమ్ముడుపోతుందని ఒక కొత్త హార్డ్ డిస్క్ కూడా వెంట తెచ్చాడు. కానీ కూర్చోకముందే తప్పు డిస్కులోనే అని తీర్పు చెప్పేశాడు. ఆమెకు మండింది అక్కడే. గుడ్డలో తప్పు పడితే ఎవరూ మగ్గం విప్పి పారేయరు. తప్పు నూలులో ఉందా, మగ్గం మీద బొమ్మను నడిపే జకార్డు అట్టలో ఉందా అని చూస్తారు. ఒకటి మార్చి, జానెడు నేసి, మళ్లీ చూస్తారు.

"కండ్లు తెరిచి చూడు" అంటూ నీలం అంచు తెరిచింది. మెనూ నీలంగా మారింది. మూసేస్తే బాగయింది. మామిడిపిందెల అంచు తెరిస్తే మెనూ పచ్చబడి అక్షరాలు మాయమయ్యాయి. "డిస్కు చెడిపోయింటే డిజైన్‌ను బట్టి రంగు మారతాదా? చెప్పప్పా!"

వాసుదేవ్ ముందుకు వంగాడు. మౌస్ అందుకుని డిస్‌ప్లే సెట్టింగ్స్ తెరిచాడు. 256 రంగులని ఉంది. "ఎవరో తగ్గిచ్చినారక్కా. వాడేది కొన్నే అయినా, ఉండే రంగులన్నీ తెరిచిన డిజైనే లాక్కుంటాండాది. మెనూకు మిగల్లే."

వసారాలో నూలు కండెలు చుడుతున్న సుబ్బన్న చెయ్యి ఆగింది. "నేనేమ్మా. మన చీరలో ఉండేది ఐదు రంగులే గదా. లక్షల రంగులుంటే మిషన్‌కు బరువని..."

"మామా, మీ మగ్గంలో ఒక్క పోగన్నా అడక్కుండా ముట్టుకున్నానా నేను?"

ఆయన కండె వైపే చూస్తూ, "లేదమ్మా" అన్నాడు.

వాసుదేవ్ రంగులు పెంచి, కంప్యూటర్ ఆపి మళ్లీ వేశాడు. మామిడిపిందెల మీద మెనూ శుభ్రంగా నిలబడింది. "సీడీ ఇయ్యక్కా, బస్సుండాది."

"చూడకుండానే నా పనంతా తుడిచేస్తానంటివే, అప్పుడు గుర్తు రాలేదా బస్సు? కూర్చో. ఆ కొత్త డిస్కులోకి నా అంచులన్నీ ఎక్కించు. కొనేది మామ."

సుబ్బన్న లేచి, చిలక్కొయ్యకున్న చొక్కా జేబు తడుముకున్నాడు.

చివరి అంచు కాపీ అయ్యేదాకా సీడీ కుర్చీ కిందనుంచి బయటికి రాలేదు.