పాలు తాగిన ఉపవాసం

మా ఇంట్లో ఉపవాసమంటే అన్నం మానేయడమే. పాలు, అరటిపండు, కాస్త నేతి హల్వా ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మా దీవిలోని టాబియా ఊళ్లో మా అమ్మ నేర్పిన ఆ ఉపవాసమే మా తమ్ముడి ప్రాణం మీదికి తెచ్చింది. ఈ మాటంటే మావాళ్లకి ఇప్పటికీ కోపం. రానీ.

తమ్ముడికి చిన్నప్పటినుంచీ కడుపునొప్పి. వచ్చిందంటే రెండు మూడు రోజులు మెలికలు తిరిగిపోయేవాడు. పెళ్లయి, చెరకు పొలం చూసుకునే వయసొచ్చినా తగ్గలేదు. అలాంటి నొప్పి తాగేవాళ్లకి వస్తుందని బంధువుల్లో ఒక పెద్దమనిషి అన్నాడు. అంతే, బంధువులంతా కలిసి వాడికి తాగుబోతని పేరు పెట్టేశారు. వాడు సారా వాసన కూడా చూసి ఎరగడు. పెళ్లిళ్లలో యంగోనా వేరు కలిపిన నీళ్ల చిప్ప చేతికిచ్చినా, ఒకటి తాగి రెండోదానికి దండం పెట్టేవాడు. ఆ నిందలు వింటే నాకు ఒళ్లు మండేది.

రెండుసార్లు రక్తపరీక్షకు వెళ్లాడు. ఏమీ తినకుండా రమ్మన్నారు కాబట్టి ఉపవాసమే కదా అనుకుని వెళ్లాడు. రెండుసార్లూ గొట్టంలో నెత్తురు తెల్లగా, చిక్కగా వచ్చింది. పొద్దున్న ఏం తీసుకున్నావని అడిగితే పాలని నిజమే చెప్పాడు. అయితే ఇది పనికిరాదు, మళ్లీ రమ్మన్నారు. తాగిన పాలే సూదిలోకి వచ్చాయని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. నొప్పి తగ్గగానే ఆ సంగతే మరిచిపోయారు.

నేనప్పటికి సముద్రం అవతలి దీవిలో, వాలేలేవులో ఉంటూ బడిలో పాఠాలు చెప్పుకుంటున్నాను. ఒకరోజు మరదలు ఫోన్ చేసింది. "వదినా, జల్దీ ఆవో. ఈసారి మనిషి కళ్లు తెరవడం లేదు" అని ఏడ్చింది. బడికి సెలవు పెట్టి, సావుసావు రేవు దాకా పడవలో, అక్కణ్ణుంచి బస్సులో వెళ్లాను. వారం రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడ్డాడు. ఈ నెత్తురు సంగతేమిటో తేలేదాకా తిరుగు పడవ ఎక్కేది లేదని నిశ్చయించుకున్నాను.

కాస్త కోలుకున్నాక పరీక్షకు మళ్లీ రోజు కుదిరింది. ముందురోజు సాయంత్రమే మంచినీళ్లు తప్ప ఏమీ వద్దని ఇంట్లో అందరికీ చెప్పాను. తెల్లవారేసరికి అమ్మ పాలగ్లాసుతో వాడి మంచం దగ్గర నిలబడి ఉంది.

"ఉపాసానికి పాలు దోషం కాదే" అంది నాతో.

"దేవుడికి కాదమ్మా, సూదికి దోషం" అని గ్లాసు లాక్కుని గటగటా నేనే తాగేశాను. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆసుపత్రిలో నర్సు ఏం తీసుకున్నావని అడిగింది. "హమ్ ఖాలీ పానీ పియా. అక్క చౌకీ కరిస్" అన్నాడు వాడు నా వైపు చూస్తూ. వాడు తాగింది నీళ్లే, కాపలా నాదే. మర్నాడు వెళ్లి చూస్తే గొట్టంలో నెత్తురు మీద మీగడ మందంగా కట్టి ఉంది. ఈసారి నెపం వేయడానికి పాలు లేవు.

డాక్టరు నెత్తురు విదేశానికి పంపించాడు. నెలల తరవాత ఉత్తరం వచ్చింది. తిన్న కొవ్వును రక్తంలో విరగ్గొట్టే పదార్థం ఒకటుంది, దాని పేరు లైపోప్రోటీన్ లైపేజ్. దాన్ని తయారుచేసే జన్యువు తమ్ముడిలో రెండు వైపులా చెడిపోయింది. ఒకటి నాన్న ఇచ్చింది, ఒకటి అమ్మ ఇచ్చింది. వాళ్లది మేనరికం. ఒక్కటే చెడితే మనిషికి ఏమీ తెలియదు, అందుకే వాళ్లిద్దరూ గుండ్రాయిలా ఉన్నారు. మిగిలిపోయిన కొవ్వు క్లోమాన్ని వాచేలా చేస్తుంది, నొప్పి దానిదే.

ఆ ఆదివారం బంధువులందరినీ టీకి పిలిచి, ఉత్తరం మొదటినుంచి చివరిదాకా గట్టిగా చదివాను. తాగుబోతన్న పెద్దమనిషికైతే రెండోసారి కూడా చదివి వినిపించాను. నెయ్యి, కొబ్బరిపాలు, వేపుడు ఇక వాడికి లేవు, రోజంతటికీ చెంచాడు నూనె అని చెప్పాను.

అందరూ వెళ్లాక అమ్మ వంటింట్లో నేతిగిన్నె ముందు కూర్చుని ఉంది. "ఆడు బక్కోడని అందరికంటే రెండింతలు ఏసేదాన్నే. నేనే ఏశాను" అంది. అమ్మను పట్టుకుని ఏడ్చాను.

ఆ తరవాత తమ్ముడు ఆసుపత్రి మంచం ఎక్కలేదు. అమ్మకు ఇప్పుడు ఎనభై దాటాయి, శనివారం ఉపవాసం మాత్రం మానదు. మొన్న సెలవులకు వెళ్లినప్పుడు నీరసంగా ఉందని పాలు కాచి ఇచ్చాను.

"ఒద్దే. నా కొడుకు తాగని పాలు నాకెందుకు? ఉపాసమంటే నీళ్లే" అంది.

ఎంత బతిమాలినా వినలేదు. ఆ గ్లాసు కూడా నేనే తాగాను.