కాకి ముట్టని విస్తరి

తెలంగాణ ఇంకా రాలేదప్పటికి. నాచారంల మా గల్లీ చివర మూతబడ్డ ఫ్యాక్టరీ, దాని గేటు పక్కన రేకుల షెడ్డు. పాలమూరు దిక్కు నుంచి కూలికొచ్చిన ముసలి మొగుడు పెండ్లాలు అందులో ఉండేటోళ్లు. వానకాలం మొదట్ల ముసలాయన జరమొచ్చి పోయిండు. మున్సిపాలిటీ బండి తీస్కపోయింది. మా గల్లీ నుంచి ఒక్కరం వెంట పోలేదు.

ఆ తర్వాత ఫ్యాక్టరీ గోడ మీద రోజూ పొద్దుగాల విస్తరాకు కనబడుడు మొదలైంది. అన్నం, ఉల్లిగడ్డ, ఒక బీడీ.

అనుమానం నాకు పుట్టుకతోనే వచ్చింది. పాలపాకెట్టుల, కూరగాయల తక్కెట్ల, మా అల్లుని దగ్గుల కూడా నాకు ఏదో మతలబు కనబడ్తది. గోడ మీద సూదులు గుచ్చిన బొమ్మను చూసినానని గల్లీల చెప్పిన. బొమ్మ లేదు. బీడీ పక్కన అగ్గిపుల్ల ఉండె, అంతే. కానీ అదే వారం ఎదురింటి పిండిగిర్ని ఆయనకు మిషను పట్టా తెగింది. ఇంకేముంది, బాణామతే అన్నడు. ముసలామెను ఇయ్యాలనే షెడ్డుల నుంచి లేపుదామన్నడు. ఆకాశం చూస్తే మబ్బు కమ్ముకొని ఉంది.

నలుగురం పోయినం. మా ఆమె ఎందుకో వెనకనే వచ్చింది. ముసలామె విస్తరికి దూరంగ గోడకు ఆనుకొని కూసుంది. ఎవరి మీద చేస్తున్నవని గిర్ని ఆయన గద్దించిండు.

“నా మొగునికి పెడుతున్న బిడ్డ. పిట్ట ముడుతలేదు.”

అందరికీ ఒక్కసారే తెలిసొచ్చింది. మేమందరం జిల్లాల నుంచి వచ్చినోళ్లమే, మా నాయనలకు పిట్టకు పెట్టినోళ్లమే. అయినా నా అనుమానం పోలేదు. పోయిన మూడో దినానికి పెట్టేది రోజూ ఎందుకని అడిగిన. అప్పుడూ పెట్టిందట. పావురాలు చిందరవందర చేస్తున్నయట, కాకి జాడే లేదట.

కాకి ముట్టకుంటే పోయినోనికి ఏదో రంది, దిగులు మిగిలినట్టు. అది తీరుస్తమని అయినోళ్లు మాటియ్యాలె. ఆయనకేం రంది ఉండెనని మా ఆమె అడిగింది.

ముసలామె రేకుల దిక్కు చూసింది. “నేనేడ పండుకుంటనో అని.”

అయినోళ్లు ఆమెకెవరూ లేరు. నేను చెయ్యెత్తి, గల్లీ అంత వినబడేటట్టు మాటిచ్చిననని, మాట పూర్తికాకముందే కాకి వాలిందని ఇప్పటికీ చెప్తుంట. అసలు మా ఆమె వీపుల పొడిస్తే నోరు తెరిచిన. గొంతు పీలగ వచ్చింది.

“పెద్దమనిషీ, నీ ముసల్దాన్ని ఈడికెల్లి ఎవ్వలు లేపరు. జర తిను.”

గిర్ని ఆయన దగ్గి, “అవ్” అన్నడు.

కాకి రాలేదు. మనుషులుంటే రాదని మేం ఇండ్లకు పోయినం. మా ఆమె మాత్రం ఉండిపోయింది. నా చాయ్ అయిపోయినంక వచ్చి, ముట్టింది అన్నది. పోయి చూస్తే విస్తరిల బీడీ కూడా లేదు. బీడీ తాగే కాకి యాడుంటది? మా ఆమె మీద నాకు ఆ అనుమానం ఇప్పటికీ ఉంది, కానీ అడగలేదు. గిర్ని ఆయనకు అదే అనుమానం వస్తే మాట చెల్లదంటడు. అందుకే అతను అడగకముందే పోయి, నా కండ్లతోని చూసిన అని చెప్పిన, రెక్కల చప్పుడుతో సహా.