ఆపాతో నౌక ముచ్చట్లు

మా పరిచయం వాదనతోనే మొదలైంది. వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్‌కు పొద్దున పోయే బస్సులో, నా పక్క సీటులో కూర్చున్న ఒకామె ఫోన్‌లో సీరియల్ చూస్తోంది. కొత్త భూమిని వెతుక్కుంటూ ఏళ్ల తరబడి ఆకాశంలో పోయే నౌక కథ అది. తెలుగులోకి డబ్బింగ్ చేశారు. మా ఊళ్లో దాన్ని చూసేది నేనొక్కదాన్నే అనుకునేదాన్ని. ఇంట్లో మా ఆయనకు క్రికెట్టు, మా అత్తమ్మకు భక్తి చానెలు. ఉండబట్టలేక అన్నాను:

"గా నౌక నడిపే పిల్ల ఎనుకకు తిరిగిపోతే అయిపోతుండె."

ఆమె తలెత్తి చూసింది. "ఎట్ల తిరుగుతది? అంతమంది పానాలు ఆమె చేతుల ఉన్నయి."

"చెల్లెను ఒక్కదాన్నే ఇడిసిపెట్టి వచ్చిందిగ."

"ఇడిసిపెట్టలె. పని మీద వచ్చింది."

గోపాల్‌పేట దాటినా మా మాట తెగలేదు. ఆమె నాగర్‌కర్నూల్ దవాఖానలో నర్సు. నేను అక్కడే ఒక బడిలో లెక్కలు చెప్తాను. దిగేటప్పుడు ఆమె "రేపు ఇదే బస్సా?" అని అడిగింది. మర్నాటికల్లా ఆమె నాకు ఆపా, అంటే ఉర్దూలో అక్క; నేను ఆమెకు చెల్లె.

వారానికి ఒక ఎపిసోడు వచ్చేది. తెల్లారి బస్సెక్కగానే మొదలుపెట్టేవాళ్లం. కథలో చెల్లెలు భూమ్మీద నుంచి మాటలు రికార్డు చేసి పంపుతుంది. అవి నౌకకు చేరేసరికి ఏళ్లు గడిచిపోతాయి. ఒక ఎపిసోడులో చెల్లెలికి నెరిసిన జుట్టు చూపించారు. నౌకలో కాలం మెల్లగా నడుస్తుంది కాబట్టి అక్క మాత్రం బయల్దేరినప్పటి లాగే ఉంది. ఆ మర్నాడు ఆపా ఎక్కగానే, "ఏడ్చినవా?" అంది. "లేదు" అన్నాను. "అబద్ధం. కండ్లు ఉబ్బినయి" అని సీటులో జరిగి చోటిచ్చింది. రంజాన్ నెలలో ఉపవాసంతో గొంతు ఎండిపోతున్నా వాదించడం మానేది కాదు. కండక్టరు ఒకసారి మా గోల వినీ వినీ, "ఎవరమ్మా ఆ పిల్ల, మీ చుట్టాలా?" అని అడిగాడు.

తర్వాత ఆపా భర్తకు కిడ్నీలు పాడయ్యాయి. వాళ్లది గద్వాల దిక్కున ఉన్న రాజోలి. పొలం, అత్తగారి ఇల్లు అన్నీ అక్కడే. ఆమె అడిగి మరీ అటు బదిలీ చేయించుకుంది. గద్వాలకు డయాలసిస్‌కు తీసుకుపోవడం, డ్యూటీ, ఇల్లు. నేను పెట్టే వాయిస్ మెసేజీలకు మొదట్లో ఆ సాయంత్రమే జవాబు వచ్చేది. తర్వాత వారానికి. తర్వాత "జర పరేషాన్ల ఉన్న చెల్లె" అని ఒక్క ముక్క.

నౌక కథ ఆఖరి ఎపిసోడు వచ్చింది. నేను చూడలేదు. ఆపాతో కూర్చుని చూద్దామని ఆపుకున్నాను. బడిలో పిల్లలు దాని గురించి మాట్లాడుకుంటుంటే వరండాలోకి వెళ్లిపోయేదాన్ని. ఆపా భర్త పోయాడని తెలిసినప్పుడు కూడా అది నా ఫోన్‌లో అట్లాగే ఉంది.

చావు పలకరింపుకు ఒక ఆదివారం రాజోలి పోయాను. ఆపా సన్నబడింది. చాయ్ పెట్టి తెచ్చి, నా ఎదురుగా చాప మీద కూర్చుంది. ఆమే మొదలుపెట్టింది.

"ఆఖరిది చూసినవా?"

"లేదాపా. నీతో చూద్దామని ఉంచిన."

ఆమె కళ్లు దించుకుంది. "నేను చూసిన. ఆయనతోని. గద్వాలల మంచం మీద గంటలు గంటలు పండుకోవాలె కదా, ఏం తోచకపోతుండె. మొదటి నుంచి అన్నీ చూపించిన. నాకంటే ఎక్కువ పిచ్చి పట్టింది ఆయనకు."

నాకు కలుక్కుమంది. ఆ నౌక మా ఇద్దరిదీ అనుకున్నాను నేను. మనిషిని పోగొట్టుకున్న ఆమె ముందు కూర్చుని అలా అనిపించినందుకు సిగ్గూ వేసింది.

"ఆఖర్ల ఏమైతది?" అని అడిగాను.

"కొత్త భూమి మీద దిగుతరు. చెల్లె పంపిన ఆఖరి మాట అప్పుడొస్తది. అక్క చెవుల పెట్టుకుంటది, మనకు మాత్రం ఇనిపియ్యరు. గంతే, అయిపోతది." ఆపా గ్లాసును చేతుల్లో తిప్పింది. "ఏమన్నదో అని మేమిద్దరం కొట్లాడినం. ఎనుకకు రమ్మని పిలిచి ఉంటదని నేనన్న. ఆయన కాదన్నడు. 'బువ్వ తిన్నవా అక్కా అని అడిగి ఉంటది, ఇంకేం అడుగుతది' అన్నడు."

అక్క వెనక్కి తిరగాలన్నది ఎప్పుడూ నా వాదన. ఆపా నోట అది వినడం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం ఇద్దరం చాప మీద పక్కపక్కన కూర్చుని ఆ ఎపిసోడు చూశాం. అక్క చెవిలో మాట వింటున్న దృశ్యం రాగానే ఆపా లేచి వంటింట్లోకి పోయింది. నేను మిగిలింది ఒక్కదాన్నే చూశాను.

ఈమధ్య మంత్రగాళ్ల రాజ్యం గురించి సీరియల్ ఒకటి కొత్తగా మొదలైంది. ఆపాకు ఫోన్ చేసి చెప్పాను. "నేను చూడను చెల్లె. నువ్వు చెప్పు, నేను వింట" అంది. అందుకని ప్రతి ఎపిసోడూ చూసి చెప్తున్నాను. ఆమె ఊఁ కొడుతుంది. మొన్న కావాలనే అడ్డంగా మాట్లాడాను, అందులో తమ్ముణ్ని చంపిన రాజుదేం తప్పు లేదని. బస్సులోనైతే ఆ మాటకు నన్ను దిగేదాకా వదిలేది కాదు.

"గట్లనే కావచ్చు చెల్లె" అంది ఆపా.