పెళ్లిపాటల పోర్చుగీసుతో ఆలంపూర్‌కు

మా చెల్లెలు మమత బ్రెజిల్ అబ్బాయిని పెళ్లాడుతోంది. "అక్కా, అత్తమ్మకు ఇంగ్లీషు గుడ రాదు. నువ్వే మాట్లాడాలె" అని మూడు నెలల కింద ఆ బాధ్యత నాకప్పగించింది. పోర్చుగీసు వ్యాకరణ పుస్తకం రెండో పాఠంలోనే నిద్రపుచ్చింది. ఆ భాషలోని పెళ్లిపాటలు, ప్రేమపాటలు మాత్రం పట్టుకుని వదల్లేదు. వంట చేస్తూ, ఆఫీసుకు నడుస్తూ అవే పాడుకున్నాను. పెళ్లి జరిగే ఆలంపూర్‌కు ముందురోజు బయల్దేరేసరికి ప్రేమ, గుండె, ముద్దు అన్నీ వచ్చు. "అన్నం తిన్నారా" మాత్రం రాదు!

ఉదయం ఐదున్నరకు నల్గొండలో బస్సెక్కాను. దేవరకొండ మీదుగా కల్వకుర్తి చేరి ఇడ్లీ తిని వనపర్తి బస్సు, అక్కడ కర్నూలు బస్సు పట్టుకున్నాను. ఆలంపూర్ చౌరస్తాలో దిగేసరికి ఒంటిగంట. షేర్ ఆటోకు ముప్పై రూపాయలు.

నేను కూనిరాగం తీస్తుంటే డ్రైవర్ వెనక్కి తిరిగాడు. "గిదేం పాట మేడం? ఒక్క ముక్క సమజైతలేదు."

"'కాజ కొమీగు' అంటే నన్ను పెళ్లి చేసుకో అని. వాళ్లకు కాజ అంటే ఇల్లు కూడా."

"మనం గుడ గంతే గద! పెండ్లయితే ఓ ఇంటోడైండంటం."

మూడు నెలల్లో నాకు తట్టనేలేదు ఆ మాట! ఆటోలోనే చప్పట్లు కొట్టాను.

విడిదిలో అమ్మ కంగారుగా ఎదురొచ్చింది. "పిల్ల, పిలగాడు బట్టలకని కర్నూలు పోయిన్రు. పిలగాని తల్లి పొద్దటిసంది పచ్చి గంగ గుడ ముట్టలే. గీ పెండ్లి ఇష్టం లేదో ఏమో బిడ్డా."

పెళ్లికొడుకు తల్లి లూసియా అరుగు మీద ఒంటరిగా కూర్చుంది. దగ్గరికెళ్లాను గానీ పలకరింపు ఒక్కటీ నోటికి రాలేదు. 'కాజ కొమీగు' పాట పల్లవే అందుకున్నాను. ఆమె ఉలిక్కిపడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తర్వాత పసుపు దంచుతున్న ఆడవాళ్లను చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకుని మెల్లగా అడిగింది: "ఎ ఎవ్?"

మరి నేను?

కోపం కాదది. కొడుకు పెళ్లిలో తనకు ఒక్క పనీ ఎవరూ చెప్పలేదు.

"వెమ్ కొమీగు" అన్నాను. నాతో రండి. అదీ పాటలోదే. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి రోకలి అందించాను. ఆమె పాడుతూ దంచుతుంటే ఆడవాళ్లంతా చప్పట్లతో తాళం వేశారు.

"జర మెల్లగ వదినె, పసుపంత బయట పడ్తాంది!" అంది అమ్మ నవ్వుతూ. ఆ పూట లూసియా పప్పన్నం రెండుసార్లు వడ్డించుకుంది.

ఆ పాటలు ఎందుకూ పనికిరావేమోనని దారంతా బెంగపడ్డాను. కానీ అంత దూరం నుంచి వచ్చిన తల్లి ఎదురుచూసింది పక్కకొచ్చి "నాతో రండి" అనే మనిషి కోసమే. ఆ సాయంత్రం తుంగభద్ర గట్టున ఆమె నా ఉచ్చారణ దిద్దుతుంటే నాకు కాళ్లు నేల మీద నిలవలేదు.

మీరు ఈ దారిన వెళ్తే చౌరస్తాలో దింపమని కండక్టర్‌కు ముందే చెప్పండి. ఆలంపూర్ ఊరు అక్కడి నుంచి ఇంకా లోపలికి ఉంటుంది.