పెళ్లినాటికి వంగాల్సిన మోకాలు

ఆ రోజుల్లో నాకు మోకాళ్ళున్న సంగతే గుర్తుండేది కాదు. బోధన్‌లో ఎరువుల దుకాణంలో పని, సాయంత్రం మా చర్చి కుర్రాళ్ళతో కబడ్డీ. ఇరవై ఆరేళ్ళ వయసులో ఒళ్ళుంటుంది గానీ దాని భాగాలు విడివిడిగా తెలియవు. క్రిస్మస్ పోటీల్లో కూతకు వెళ్లి వెనక్కి తిరగబోతే, పాదం ఒకవైపూ నేనొకవైపూ తిరిగాం. టప్‌మని వినబడింది. ఎవరో కొబ్బరికాయ కొట్టారనుకున్నాను (చర్చి ఆవరణలో కొబ్బరికాయ ఎవరు కొడతారన్న ఆలోచన రాలేదు). మోకాలి లిగమెంటు తెగిందన్నారు.

కొత్త సంవత్సరం రాగానే నిజామాబాద్‌లో ఆపరేషన్ అయింది. దాని గురించి చెప్పడానికేమీ లేదు, నేను మత్తులో ఉన్నాను. అసలు చిక్కు తర్వాత మొదలైంది. మే నెలలో నా పెళ్లి. మా పెళ్లిళ్ళలో ఆశీర్వాద ప్రార్థనకు వధూవరులు మోకరించాలి. నన్ను చూడవచ్చిన కాబోయే మామ, చాయ్ తాగి, చాపిన నా కాలును చాలాసేపు చూసి, "మోకరించని పెండ్లికొడుకును నేనైతే ఎక్కడ సూడలే," అని మెల్లగా అని వెళ్లిపోయాడు.

వారానికి మూడుసార్లు చంకలో కర్రతో బస్సెక్కి నిజామాబాద్ పోయేవాణ్ణి. ఆ బస్సెక్కడమే ఒక వ్యాయామం, అది చేశాక ఇంకొకటి చెయ్యమనడం అన్యాయం. ఫిజియోథెరపీ చేసే ఆమెకు నేను పెట్టుకున్న పేరు ఇంకొంచెం మేడం. నా కాలు పట్టుకుని వంచుతూ, "ఇంకొంచెం అన్నా, ఇంకొంచెం," అనేది. నాకు కళ్ళనీళ్ళు వచ్చేవి, ఆమెకు కనీసం చెమట కూడా పట్టేది కాదు. ఇంటి దగ్గర రోజూ చెయ్యమన్నవి చేశానని చెప్పేవాణ్ణి. ఆమె కోణం కొలిచే స్కేలు తెచ్చి మోకాలికి ఆనించి, పెరగని అంకెను రాసుకునేది.

నిజానికి ఇంట్లో నేను చేసింది పడుకోవడమే. మోకాలి కింద దిండు పెట్టుకోవద్దు, కాలు బిగుసుకుపోతుందని మేడం గట్టిగా చెప్పింది. నేను కన్ను మూస్తే చాలు, మా అవ్వ (నాన్నకు అమ్మ) వచ్చి మెత్తటి దిండు పెట్టి పోయేది. హాయిగా ఉండేది, కాబట్టి నేనూ తియ్యలేదు. రెండు నెలలైనా కాలు సగమే వంగింది. "గిట్లయితే మళ్ళ మత్తిచ్చి వంచాల్సొస్తది," అంది మేడం.

ఆ మాట విని అవ్వ నాతో బస్సెక్కింది. బయట బెంచీ మీద కూర్చున్నదల్లా నా మూలుగు వినలేక గదిలోకొచ్చింది. "బిడ్డా, కాలు బాగుజేస్తున్నవా, ఇరగ్గొడుతున్నవా?"

మేడం నా కాలు వదల్లేదు. "అవ్వా, నువ్వు మోకాళ్ళ మీద ప్రార్థన చేస్తవా?"

"రోజు చేస్త. ఎందుకు?"

"జర చేసి చూపియ్యి."

అరవై ఎనిమిదేళ్ళ అవ్వ, చెరుకుతోటల్లో కలుపు తీసి అరిగిన మోకాళ్ళతో, దేన్నీ పట్టుకోకుండా నేల మీద మోకరించింది. చిన్న ప్రార్థన కూడా చేసి లేచింది. తర్వాత నావైపు తిరిగి, "నీకేమైందిరా?" అంది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆ రోజు నుంచి దిండు అవ్వ తల కిందికి మారింది. పొద్దున్నే మంచం పట్టె పట్టించి నన్ను వంచేది. నేను ఏడ్చేవాణ్ణి, ఆమె కీర్తన పాడేది, ఏడుపు వినబడకుండా కాస్త గట్టిగా.

పెళ్లిలో మోకరించాను. పాస్టరుగారి ప్రార్థన ఎంతకీ అయిపోలేదు. అందరూ మా కాపురం కోసం ప్రార్థిస్తుంటే నేను ఆమెన్ కోసం ప్రార్థించాను. ఫోటోలో నా కళ్ళనీళ్ళు చూసి భక్తి అనుకుంటారు. లేచేటప్పుడు పెళ్లికూతురు ఎవరికీ కనబడకుండా నా మోచేయి పట్టి లేపింది.

ఇప్పుడు నలభై దాటాయి. ఆదివారం మోకరించమనగానే నేను బెంచీ మీదే కూర్చుని తల వంచుతాను. ఎవరైనా చూస్తే, ఆపరేషన్ అయిన కాలు అంటాను. పాపం, అందరూ జాలిపడతారు. అవ్వ ఉంటే నమ్మేది కాదు.